ఇన్‌స్టాలర్‌లో డిస్క్ కనిపించలేదు, ఇప్పుడు విండోస్ రికవరీ కీ అడుగుతోంది: ఫార్మాట్ వద్దు, ఈ వరసలో చెయ్యి

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఫార్మాట్ చేయించకు. లాప్‌టాప్ ఇప్పటికే షాపులో ఇచ్చేసి ఉంటే వెంటనే ఫోన్ చేసి ఆపించు. మీ అక్క పెళ్లి ఫొటోలు, నీ ప్రాజెక్టు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే డిస్క్ మీద ఇంకా ఏమీ చెరగలేదు.

నాకర్థమైన సంగతి ఇది. 12వ తరం ఐ5, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించబోతే ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించలేదు. ఏదో వీడియో చూసి బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే తెరిచే మెషిన్ సెట్టింగ్స్‌లో, వీఎండీ అనే డిస్క్ సెట్టింగ్‌ని డిజేబుల్ చేశావు, సంతకం ఉన్న ప్రోగ్రాంలనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ని కూడా ఆపేశావు. అప్పుడు డిస్క్ కనిపించింది కానీ భయమేసి ఇన్‌స్టాల్ చేయకుండా బయటికొచ్చావు. తీరా విండోస్ తెరవబోతే నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడుగుతోంది. షాపతను ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడు.

దారి ఉంది. నువ్వు భయపడి ఆగిపోవడమే నిన్ను కాపాడింది. నేను కాలేజీ ల్యాబుల్లో లినక్స్ ఎక్కించే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. సరిగ్గా ఇదే తెరను చాలాసార్లు చూశాను. రెండేళ్ల కిందట మా దగ్గరి లెక్చరర్ ఒకామెకు ఇలాగే అయితే, ఎవరో షాపులో ఫార్మాట్ చేసి ఇచ్చారు. ఆ తర్వాత ఆమె నా దగ్గరకు వచ్చారు. రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి రెండు రోజులు కూర్చున్నాను, ఒక్క ఫైలు కూడా తిరిగి రాలేదు. మామూలు డిస్క్ అయితే ఫార్మాట్ చేశాక కూడా కొంత రాబట్టుకోవచ్చు. బిట్‌లాకర్ ఉన్న డిస్క్ మీద ఉండేదంతా తాళం వేసిన సమాచారం. ఫార్మాట్‌తో ఆ తాళం వివరాలు కూడా పోతే మిగిలేది అర్థంలేని అంకెల కుప్ప. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటారే, అచ్చంగా అదే జరుగుతుంది.

అసలు ఇదెందుకు వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. అది తెలిస్తే తర్వాతి పనులు నీకే తోస్తాయి. నీ లాప్‌టాప్‌లో టీపీఎం అని ఒక భాగం ఉంటుంది. డిస్క్ తాళం తెరిచే సమాచారం దాని దగ్గర భద్రంగా ఉంటుంది. మెషిన్ ఆన్ అయిన ప్రతిసారీ సెక్యూర్ బూట్ ఉందా లేదా, మొదట లోడైన ప్రోగ్రాం ఏది వంటి వాటిని మెషినే కొలిచి పెట్టుకుంటుంది. ఆ కొలతలు నిన్నటిలాగే ఉంటే టీపీఎం చప్పుడు చేయకుండా తాళం తీస్తుంది. తేడా కనిపిస్తే తీయదు, మనిషిని కీ అడుగుతుంది. నువ్వు సెక్యూర్ బూట్ ఆపేసరికి కొలత మారింది, అందుకే అడిగింది. ‘నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు’ అన్నావు. నిజమే, నువ్వు పెట్టలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ సెటప్ చేసినప్పుడు హోమ్ ఎడిషన్‌లో కూడా ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో అదే ఆన్ అయిపోయి ఉండొచ్చు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించిన మెషిన్లలో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తోంది.

కాబట్టి మొదటి పని: మార్చిన రెండింటినీ వెనక్కి మార్చు. బయోస్‌లోకి వెళ్లి వీఎండీని మళ్లీ ఎనేబుల్ చెయ్యి, సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రా. పెన్‌డ్రైవ్ పీకేసి ఉంచు. ఎక్కువ సందర్భాల్లో ఇంతటితోనే కీ అడగడం మానేసి విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది. ఇక్కడే ఒక హెచ్చరిక ఉంది, దీన్ని రెండుసార్లు చదువు. బయోస్‌లో ‘క్లియర్ టీపీఎం’ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. దాని జోలికి పోకు. అది నొక్కితే టీపీఎం దగ్గరున్న, తాళం తెరిచే సమాచారం శాశ్వతంగా పోతుంది. ఇక రికవరీ కీ దొరికితేనే డిస్క్ తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. ‘ఏదో ఎర్రర్ వస్తోంది, క్లియర్ చేస్తే పోతుంది’ అని ఎవరు చెప్పినా వినకు.

వెనక్కి మార్చినా ఇంకా అడుగుతుంటే కీ వెతకాలి. ఆ నీలం తెర మీదే ‘కీ ఐడీ’ అని కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకో. ఫోన్ బ్రౌజర్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయ్యి, డివైసెస్ విభాగంలో నీ లాప్‌టాప్ పేరు కింద బిట్‌లాకర్ కీల సమాచారం చూడు. అక్కడ ఒకటికి మించి కీలు ఉండొచ్చు. ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు తెర మీదవాటితో కలిసేదే నీది. నీ అకౌంట్‌లో లేకపోతే నిరాశపడకు. ఆ లాప్‌టాప్‌ని మొదటిసారి ఏ మెయిల్‌తో సెటప్ చేశారో గుర్తు చేసుకో. మీ అక్క మెయిలా, కాలేజీ వాళ్లిచ్చిన మెయిలా, లేకపోతే కొన్నచోట కౌంటర్‌లో వాళ్లే సెటప్ చేసి ఇచ్చారా? కీ ఆ మెయిల్‌తో తెరిచిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఒకసారి ఒక కుర్రాడి కీ రెండు రోజులు వెతికాం. ఆఖరికి ఇంటర్‌లో ఉండగా తెరిచి మరచిపోయిన పాత మెయిల్‌లో దొరికింది.

కీ 48 అంకెలు ఉంటుంది, ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. దాన్ని పుస్తకంలో రాసుకో, ఫోన్‌లో ఫొటో ఒక్కటే చాలదు. రాసుకున్నాక ఒక చిన్న పరీక్ష: ప్రతి ఆరంకెల గుంపునీ 11తో భాగించు. శేషం లేకుండా పోవాలి, వాళ్లు ఆ కీలను అలాగే తయారు చేస్తారు. ఏదైనా గుంపుకి శేషం మిగిలితే ఒక అంకె తప్పుగా రాసుకున్నావన్నమాట. మా ల్యాబులో ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టేవాళ్లు. ‘ఒకటి’ని ‘ఏడు’గా రాసుకున్న సంగతి ఈ లెక్కతో అక్కడికక్కడే తెలిసిపోయేది.

విండోస్ తెరుచుకున్నాక సంబరపడి వెంటనే ఉబుంటు వైపు పరిగెత్తకు. ముందు ఫొటోలు, ప్రాజెక్టు బయటి హార్డ్‌డిస్క్‌లోకో ఇంకో లాప్‌టాప్‌లోకో కాపీ చేసుకో. కాపీ అయ్యాక ఆ రెండో చోట నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడు. అవి నిజంగా తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చెయ్యి. అది ఒక్క క్షణంలో అయ్యే పని కాదు, డిస్క్ మొత్తాన్ని తాళం లేని స్థితికి తిరగరాస్తుంది. నీ 512 జీబీ సగానికి పైగా నిండి ఉంటే గంట పట్టినా పట్టొచ్చు. ఛార్జర్ తగిలించి ఉంచు, అదే పేజీలో పూర్తయిందని చూపించేదాకా ముట్టుకోకు. ఉబుంటు ఇన్‌స్టాలర్ బిట్‌లాకర్ ఉన్న పార్టిషన్‌ని (డిస్క్‌లో ఒక భాగాన్ని) చిన్నది చేయలేదు, చాలా వెర్షన్లలో ముందు ఆఫ్ చేసి రమ్మని ఆగిపోతుంది. అందుకని ఇదెలాగూ చేయాల్సిందే.

ఇప్పుడు వీఎండీ సంగతి. ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కానీ వరస చెప్పలేదు. వీఎండీ అంటే ఎస్‌ఎస్‌డీలను నేరుగా ఆపరేటింగ్ సిస్టంకి చూపించకుండా మధ్యలో ఇంటెల్ పెట్టిన ఒక అడ్డు. ఇది సర్వర్ల కోసం పుట్టింది, పది డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే చోట (దాన్నే రెయిడ్ అంటారు) పనికొస్తుంది. 11వ తరం నుంచి లాప్‌టాప్‌లలో కూడా కనిపిస్తోంది. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న నీకు దాని వల్ల ప్రత్యేకంగా ఒరిగేది లేదని నా అభిప్రాయం. లినక్స్‌లోనే వీఎండీకి డ్రైవర్ ఉంది, కొన్ని మెషిన్లలో ఏమీ మార్చకుండానే డిస్క్ కనిపిస్తుంది కూడా. నీ మెషిన్‌లో కనిపించలేదు కాబట్టి దాన్ని ఆపక తప్పదు.

చిక్కెక్కడంటే, నీ విండోస్ వీఎండీ కోసం ఉన్న ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌తో బూట్ అవడానికి అలవాటు పడి ఉంది. వీఎండీని ఉన్నట్టుండి ఆపేస్తే దానికి తన డిస్కే దొరకదు. మొన్న నువ్వు ఆ 48 అంకెలు కొట్టి ఉన్నా, ఆ తర్వాత బూట్ డివైస్ దొరకలేదంటూ ఇంకో నీలం తెర వచ్చి ఉండేది. దీనికి మందు సేఫ్ మోడ్, అంటే విండోస్ అతి తక్కువ డ్రైవర్లతో తెరుచుకునే పద్ధతి. సేఫ్ మోడ్‌లో ఒక్కసారి బూట్ అయితే విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌ని తనే పట్టుకుంటుంది.

ఎలాగంటే, స్టార్ట్ మెనూలో సిస్టం కాన్ఫిగరేషన్ అని వెతికి తెరువు. బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ దగ్గర టిక్ పెట్టి, మినిమల్ ఎంచుకో. రీస్టార్ట్ అవుతుండగానే బయోస్ కీ నొక్కి లోపలికి వెళ్లి వీఎండీని డిజేబుల్ చేసి సేవ్ చెయ్యి. విండోస్ నల్లని డెస్క్‌టాప్‌తో, మూలల్లో సేఫ్ మోడ్ అనే అక్షరాలతో తెరుచుకుంటుంది. మళ్లీ సిస్టం కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చెయ్యి, ఇక మామూలుగా వస్తుంది. ఒక్క జాగ్రత్త: సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే సరిచూసుకో. ఎక్కడైనా తేడా కొడితే వీఎండీని తిరిగి ఎనేబుల్ చేస్తే పాత స్థితికే వస్తావు.

ఈ ఆప్షన్ బయోస్‌లో ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెడుతుంది. ఇదే తిప్పలు పడుతున్న మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. డెల్‌లో స్టోరేజ్ కింద ‘రెయిడ్ ఆన్’ బదులు ఏహెచ్‌సీఐ (వీఎండీ లేని మామూలు పద్ధతి) ఎంచుకోవాలి. లెనోవోలో స్టోరేజ్ లేదా కంట్రోలర్ మోడ్ అని ఉంటుంది. ఆసుస్‌లో అడ్వాన్స్‌డ్ కింద వీఎండీ సెటప్ మెనూ. ఏసర్‌లో చాలా మోడళ్లలో అసలు కనిపించదు, మెయిన్ ట్యాబ్‌లో ఉండగా కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. ఇది తెలియక ‘మా లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కదు’ అని వదిలేసినవాళ్లను నేను చూశాను.

సెక్యూర్ బూట్ మాత్రం ఈసారి ఆపకు, ఉబుంటుకి ఆ అవసరం లేదు. దాని బూట్ ప్రోగ్రాం మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా మామూలుగా లేస్తుంది. ‘లినక్స్ అంటే ముందు సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలి’ అనే సలహా పాత రోజుల నుంచి అలా చేతులు మారుతూ వస్తోంది. నిన్ను ఈ కష్టంలో పడేసింది ఆ సలహాయే.

చోటు విషయానికొస్తే, విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకో. ఉబుంటుకి కనీసం 25 జీబీ అంటారు. నువ్వు ప్రాజెక్టు పనులు చేస్తావు కాబట్టి 80 జీబీ ఇవ్వు. అలా ఖాళీ అయిన చోటుని అలాగే నల్లగా, అన్ అలొకేటెడ్‌గా వదిలెయ్యి. చాలామంది దాన్ని ‘E:’ అనే కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేసి, తర్వాత ఇన్‌స్టాలర్‌లో ఖాళీ చోటు కనిపించట్లేదని అడుగుతుంటారు. పనిలో పనిగా పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసెయ్యి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు ఉబుంటు నుంచి విండోస్ ఫైళ్లు చూడొచ్చు కానీ రాయడం కుదరదు.

పెన్‌డ్రైవ్ గురించి నువ్వేమీ రాయలేదు గానీ, వింతవింత ఎర్రర్లకు సగం కారణం అక్కడే ఉంటుంది. ఐఎస్‌ఓ ఫైలు (ఉబుంటు ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైలు) సరిగ్గా దిగిందో లేదో చూసుకో. 7-జిప్ ఉంటే ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క చూపిస్తుంది, అది ఆ ఫైలు వేలిముద్ర లాంటిది. ఉబుంటు సైట్లో ఇచ్చిన దానితో అక్షరం అక్షరం కలవాలి. మొబైల్ డేటాతో రాత్రంతా దించుకున్న ఫైలు మధ్యలో తెగి ఉంటే ఇక్కడే దొరికిపోతుంది. ఆ ఫైలుని రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి రాసేటప్పుడు, అందులో అడిగే చోట జీపీటీ, యూఈఎఫ్ఐ ఎంచుకో.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు ‘ట్రై ఉబుంటు’లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటులో, ఒక అరగంట గడుపు. వైఫై కనిపిస్తోందా, స్పీకర్ మోగుతోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా చూసుకో. వైఫై కనిపించకపోతే కంగారుపడకు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, డ్రైవర్ల గొడవ లేకుండా నెట్ వచ్చేస్తుంది. ఆ నెట్‌తోనే వైఫై డ్రైవర్‌ని దించుకోవచ్చు. ఈ ఒక్క చిట్కాతో ఎంతమంది పని గట్టెక్కిందో చెప్పలేను.

ఆ ‘ట్రై ఉబుంటు’ తెర కూడా రాకుండా నల్లగా ఆగిపోతే, ముఖ్యంగా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, మొదటి మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అనే వరస ఎంచుకో. అది ఒక్కసారికే పనిచేసే ఏర్పాటు. ఇన్‌స్టాల్ అయ్యాక అడిషనల్ డ్రైవర్స్‌లో ఎన్విడియా డ్రైవర్ ఎక్కిస్తేనే పూర్తిగా కుదురుకుంటుంది.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన ఎక్కించే ఆప్షన్ కనిపిస్తే అదే తీసుకో. మాన్యువల్‌గా చేయాల్సి వస్తే, 100 నుంచి 260 ఎంబీ దాకా ఉండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి ముందే ఉంటుంది. దాన్ని వాడుకో, ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టకు. విండోస్ లేవడానికి కావలసిన ఫైళ్లు అందులోనే ఉన్నాయి. ‘ఎరేజ్ డిస్క్’ అనేదాని దగ్గరికి చెయ్యే పోనివ్వకు.

మధ్యలో థర్డ్ పార్టీ డ్రైవర్లు (బయటి కంపెనీలవి) కావాలా అని అడిగి, ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. అది చిన్నదే, కానీ రాసుకో. అలా పెడితే మొదటి రీస్టార్ట్‌లో నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది, కొద్ది సెకన్లే ఆగుతుంది. దాన్ని చూసి మళ్లీ బిట్‌లాకర్ వచ్చిందని బెదిరిపోకు. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, కంటిన్యూ, యెస్ నొక్కి ఆ పాస్‌వర్డ్ ఇవ్వు. ఆ డ్రైవర్లను నమ్మొచ్చని సెక్యూర్ బూట్‌కి నువ్వు చెప్తున్నావన్నమాట. పొరపాటున దాటవేస్తే ఉబుంటు లేస్తుంది కానీ ఎన్విడియా డ్రైవర్ లోడ్ కాదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచుకుంటే ఎదురయ్యే చిన్న పని ఇది.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ఎక్కించాక కూడా నేరుగా విండోసే తెరుచుకోవచ్చు. ఉబుంటు ఎక్కలేదనుకుని మళ్లీ మొదలుపెట్టకు. బయోస్‌లో బూట్ వరసలో ఉబుంటుని పైకి జరిపితే చాలు. కొన్ని ఏసర్ మోడళ్లలో ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, ఉబుంటు బూట్ ఫైలుని నమ్మదగినదిగా ఎంచుకుంటే తప్ప ఆ వరసలో కనిపించదు. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే పెద్ద తలనొప్పి, దాన్ని కూడా ఆ 48 అంకెల పక్కనే రాసిపెట్టు.

ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లి ఉంటుంది. బ్యాటరీ పాడవలేదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీన్విచ్ టైం దాస్తుంది, విండోస్ దాన్ని మన టైం అనుకుని చదువుతుంది. రెండింటి మధ్య తేడా మన ఐదున్నర గంటలే. విండోస్‌లో టైం సింక్ నొక్కితే అప్పటికి సరిపోతుంది. శాశ్వతంగా సరిచేయడానికి ఉబుంటులో ఒక్క కమాండు ఉంది, అక్కడిదాకా వచ్చాక అడుగు.

తెలుగు టైపింగ్ అడిగావు, సంతోషం. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఎక్కించుకో, అందులో తెలుగుకి ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అనే పద్ధతులు ఉన్నాయి. డీటీపీ వాళ్లకు అలవాటైన ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది.

డివైస్ ఎన్‌క్రిప్షన్‌ని మళ్లీ ఆన్ చేసుకోవాలనుంటే అన్నీ కుదిరాక చేసుకో. కానీ అప్పటి నుంచి విండోస్‌ని ఉబుంటు మెనూలోంచి కాకుండా బయోస్ బూట్ మెనూలోంచి తెరువు. లేకపోతే కొలత మారిందని మళ్లీ కీ అడిగే అవకాశం ఉంది. కొత్త కీ వస్తే దాన్ని కూడా పుస్తకంలోకి ఎక్కించు, పాతది కొట్టెయ్యి.

ముందు ఆ రెండు సెట్టింగులు వెనక్కి మార్చి ఏమైందో ఇక్కడ రాయి. ఇంకా కీ అడుగుతుంటే లాప్‌టాప్ మోడల్ పేరు, తెర ఫొటో పెట్టు. కీ ఐడీ కనిపించినా ఫరవాలేదు. ఆ 48 అంకెలు మాత్రం నాకు కూడా పంపకు.